కడిగిన కాళ్ళే కడుగుతారు

మా చర్చిలో కాళ్ళు కడిగించుకోవడానికి పోటీ ఉంటుంది. బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

ఈస్టరుకు ముందు వచ్చే గురువారం సాయంత్రం జరిగే ఆరాధన అది. ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగాడు కాబట్టి, దానికి గుర్తుగా మా పాస్టరు గారు పన్నెండుమంది మగవాళ్ళను ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి, నడుముకు తువ్వాలు చుట్టుకుని, నేల మీద మోకరించి, ఒక్కొక్కరి కాళ్ళూ కడిగి తుడుస్తారు. రాజు నౌకరు పని చేశాడు, అదీ ఇందులో సంగతి. లోకంలో ఎక్కడైనా బలమంటే ఎదుటివాణ్ణి వంచడం. ఇక్కడ మాత్రం తాను వంగడం. ఆదివారం బడిలో పిల్లలకు ఏటా నేను చెప్పే పాఠమే ఇది. చెప్పి ఇంటికి వచ్చేసరికి, ఈ ఏడు ఆ పన్నెండుమంది ఎవరన్న గుసగుసలు కాలనీలో మొదలైపోయి ఉంటాయి.

మాది కిరండూల్ లైనులో ఒక రైల్వే కాలనీ. కొండ మీద నుంచి ఇనుప రాయి దిగుతుంది, బండ్లకెక్కి విశాఖ పోతుంది. ఆ బండ్లు నడపడానికీ ఆ పట్టాలు కాపాడటానికీ శ్రీకాకుళం, విజయనగరం వైపుల నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన కుటుంబాలు మావి. ఊళ్ళు వదిలి అడవిలోకి వచ్చాం గాని హోదాలను మాత్రం మూట కట్టుకుని తెచ్చుకున్నాం. ఆఫీసువాళ్ళు ఒక వరస, స్టేషనువాళ్ళు ఒక వరస, పట్టాల మీద గునపం పట్టే గ్యాంగువాళ్ళు చివరి వరస. చర్చి బల్లల్లోనూ అంతే. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, అయినా ఎవరూ తప్పరు.

పన్నెండుమందిలో పేరు వచ్చినవాళ్ళు వారం ముందు నుంచే తమ కాళ్ళ సేవలో పడతారు. నిమ్మచెక్కతో రుద్దుకుంటారు, గోళ్ళు తీసుకుంటారు. మా దగ్గర ఎర్ర దుమ్ము ఎవరినీ వదలదు, ఎంత తోమినా మడమ పగుళ్ళలో ఎర్రగా మిగిలిపోతుంది. అది కూడా పోయేదాకా రాతితో గీకుతారు. గురువారం నాడు ఇంట్లో సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, కొత్త మేజోళ్ళు తొడుక్కుని, నేల తగలకుండా చర్చి మెట్ల దాకా బండి మీద వచ్చి దిగుతారు. ఒకాయన ఒక ఏడాది పౌడరు కూడా రాసుకుని వచ్చాడు. పాస్టరు గారు నీళ్ళు పోయగానే దోసెల పిండిలా పళ్ళెంలోకి కారింది. కడిగిన కాళ్ళనే కడుగుతారు, ఫొటోలు తీసి గ్రూపులో పెడతారు, ఊళ్ళో ఉన్న బావమరదులు కూడా చూసి అభినందిస్తారు. తగ్గించుకోవడం నేర్పడానికి పెట్టిన కుర్చీయే పైకెక్కడానికి మెట్టయిపోయింది. దీన్ని తలచుకుంటే నాకు చర్చికి వెళ్ళబుద్ధి కాదు. వెళ్ళకుండా ఉండబుద్ధి కూడా కాదు, అదే నా కర్మ.

పన్నెండో కుర్చీ ఒక్కటి మాత్రం బీదవాళ్ళది. వెనకటి పాస్టరు గారు కమిటీతో పోట్లాడి పెట్టిన ఆనవాయితీ. ఆయన బదిలీ అయి వెళ్ళిపోయినా అది నిలిచింది, ఫొటోలో బాగుంటుందని కాబోలు. నేను చెప్పబోయే సంవత్సరం ఆ కుర్చీ ఒక కంకర మోసే కూలీకి ఇస్తున్నట్టు ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడే ప్రకటించారు. అతనిది జగర్గుండా అవతల ఏదో అడవి ఊరు. ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నందుకు ఊళ్ళో నీళ్ళ దగ్గరికి రానివ్వకపోతే, భార్యను తీసుకుని ఇక్కడికి వచ్చి ఠేకేదారు కింద పనికి కుదిరాడు. దొర్లి అనే కోయభాష మాట్లాడే మనిషి, తెలుగు తెలంగాణా యాసలో వస్తుంది. ఆరాధనప్పుడు బల్లల్లో ఖాళీ ఉన్నా తలుపు పక్కన నేల మీదే కూర్చునేవాడు. మా నాన్న చివరి బల్ల చివర కూర్చునేవాడు కాబట్టి వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది.

నాన్న గ్యాంగులో పనిచేసి రిటైరైన మనిషి. వయసులో ఉన్నప్పుడు ఆయన బలం గురించి కాలనీలో కథలు చెప్పుకునేవారు. వానాకాలం కొండ విరిగి బండలు పట్టాల మీద పడితే, యంత్రం వచ్చేలోగా నాన్న గునపం పెట్టి దొర్లించేసేవాడట. చేతి దురద కూడా అదే పాళ్ళలో ఉండేది. జీతాల రోజున సారా దుకాణం దగ్గర ఎవరి పన్ను ఊడినా, ముందు నాన్న చేతివేళ్ళ కణుపులు చూసేవారని అమ్మ చెప్పేది. చివరికి అమ్మే ఏడ్చి, అలిగి, అన్నం మానేసి ఆయన్ని చర్చికి లాక్కెళ్ళింది. వాగులో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తరవాత ఆ చెయ్యి మళ్ళీ ఎవరి మీదా లేవలేదు.

లేవకపోవడం నేను కళ్ళారా చూశాను. అప్పుడు చిన్నదాన్ని, మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని పట్టాల పక్కనే నడిచి వెళ్ళాను. పైన ఉండే మేస్త్రీ ఆ రోజు ఎవరి మీది కోపమో నాన్న మీద తీర్చుకుంటున్నాడు. నేను వెళ్ళి క్యారేజీ నాన్న కాళ్ళ దగ్గర పెట్టానో లేదో, దాన్ని బూటు కాలితో తన్నాడు. అన్నం కంకర మీద పడింది. ఆ మేస్త్రీ నాన్నలో సగం ఉండడు. గ్యాంగంతా గునపాలు దించి చూస్తోంది, నాన్న చెయ్యి ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని. నేనూ అదే చూస్తున్నాను. లేవాలని ప్రార్థన కూడా చేశాను, ఆ వయసులో దేవుణ్ణి ఏది అడగాలో ఏది అడగకూడదో తెలియదు కదా. నాన్న వంగి గిన్నెలు ఏరి, మూతలు పెట్టి, నా చేతికిచ్చాడు.

"ఎండ మాడిపోతంది. తువ్వాలు నెత్తిన ఏసుకుని ఎల్లమ్మా" అన్నాడు.

అంతే. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని అమ్మ ఆ సాయంత్రం అననే అన్నది, నాన్నను చర్చికి లాక్కెళ్ళిన అమ్మే. ఆవిడ అన్నట్టే అయింది. అప్పటి నుంచి కష్టమైన డ్యూటీ ఏదొచ్చినా నాన్న మీదే పడేది. పండగ పూట సొరంగాల దగ్గర కాపలా ఎవరంటే నాన్న. వాన ముసురులో లైను మీద నడిచి చూసి రావాల్సింది ఎవరంటే నాన్న. అడిగితే "ఎవుడో ఒకడు సెయ్యాల గదా" అనేవాడు. ఆ ఎవుడో ఎప్పుడూ ఈయనే ఎందుకవ్వాలో నాకు ఎన్నడూ బోధపడలేదు. చేతకానివాడు క్షమించానంటే లోకం నవ్వుతుంది. చేతనైనవాడు క్షమిస్తే లోకానికి అర్థమే కాదు. నష్టం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆదివారం బడిలో పిల్లలు ఎప్పుడైనా ఈ ప్రశ్న అడుగుతారేమోనని నాకు భయం. అదృష్టం కొద్దీ వాళ్ళు బిస్కెట్ల గురించే అడుగుతారు.

అమ్మ పోయాక నాన్న నా దగ్గరికే వచ్చాడు. మా ఆయన రైలింజను నడుపుతాడు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ, కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. అప్పటికే సుగరు ఆయన్ని తినేస్తోంది. చెప్పు వారు ఒరుసుకుని కుడికాలి వేళ్ళ దగ్గర చిన్న పుండు లేచింది. అది మానలేదు. నల్లబడి, లోపలికి తిని, వేళ్ళ మీద నుంచి పైకి పాకింది. పొద్దున్నే నీళ్ళు మరిగించి చల్లార్చి, కట్టు విప్పి, కడిగి, మళ్ళీ కట్టడం నా పని. విశాఖ తీసుకెళ్ళి చూపిస్తే మోకాలి కింద దాకా తీసెయ్యాలన్నారు. ఈస్టరు దాటాక మంగళవారం రమ్మన్నారు. నాన్న సరేనన్నాడు. దారంతా రైలు కిటికీలోంచి పట్టాల పక్క కంకర చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక, అన్నం తింటూ తింటూ అడిగాడు.

"ఒలే, ఈ ఏడు కాళ్ళు కడిగినప్పుడు నానొకసారి కూకుంటే బాగుణ్ణు. అడగతావేటి?"

నాకు ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళలో ఆయన ఆ కుర్చీల వైపు చూసింది లేదు. "నీకెందుకు నాన్నా ఆ పౌడరుగాళ్ళ మధ్యన?" అన్నాను.

"నాకన్నా ముందు ఈ కాలు ఎల్లిపోతంది. పీనుగుని కడక్కుండా పంపుతామేటి? దీన్ని కూడా కడిగి పంపాల గదే" అన్నాడు, పప్పు కలుపుకుంటూ.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన నన్ను అడిగింది ఇదొక్కటే. ఇది కూడా చేసిపెట్టలేకపోతే నా చదువెందుకు, నా ఉద్యోగమెందుకు, స్త్రీల సమాజానికి నేను పెద్దనై ఎందుకు అనిపించింది. మర్నాడు నేను పంతులమ్మగా చేసే బడి అయిపోగానే తిన్నగా చర్చి సెక్రటరీ గారింటికి వెళ్ళాను.

సెక్రటరీ గారు ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి దిగినాయన. మొదటి కుర్చీ ఏటా ఆయనదే. నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు, ప్రార్థన వింటున్నట్టు.

"అమ్మా, మీ నాన్నగారంటే మాకు గౌరవం. కానీ కమిటీలో ఫైసలా అయిపోయింది. పైగా పుండు కదా, కొంచెం వాసన... ఈసారి పెద్ద సాబులు ఫ్యామిలీలతో వస్తున్నారు."

"ప్రభువు కడిగింది పౌడరు రాసిన కాళ్ళు కాదు కదండీ" అన్నాను.

"అదంతా ఆత్మీయ అర్థంలో తీసుకోవాలమ్మా" అన్నారాయన.

ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు. అక్కడి నుంచి లేచి పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్రాయన, కొత్తగా వచ్చాడు, నన్ను అక్కా అంటాడు. మంచివాడే గాని గాలి ఎటు వీస్తే అటు ఊగే మంచితనం. "నా చేతిలో ఏముందక్కా? కమిటీ ఏ కాళ్ళు చూపిస్తే ఆ కాళ్ళు కడుగుతాను" అన్నాడు. అన్నాక తనకే ఎలాగో అనిపించిందేమో, టీ తాగి వెళ్ళమన్నాడు. తాగలేదు.

ఇక నాకు తెలిసిన దారి ఒక్కటే. ఈస్టరు పొద్దున సంఘమంతటికీ భోజనం వండేది మా ఆడవాళ్ళు. పాటలు పాడేది మా ఆడవాళ్ళు. పూలు కట్టేదీ బల్లలు తుడిచేదీ మేమే. సమాజాన్ని పిలిచి సంగతి చెప్పాను, వాళ్ళు కొంగులు బిగించారు. సెక్రటరీ గారికి ఫోను చేశాను. "ఈస్టరు వంట ఈసారి కమిటీవాళ్ళు వండుకోండి. పాటలు కూడా మీరే పాడుకోండి. మేము వచ్చి కూర్చుని వింటాం" అన్నాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. తన్నడం నాకూ వచ్చునని ఆ రోజు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

రెండు రోజుల్లో కబురొచ్చింది. "ఎడ్జస్ట్ చేశాం అమ్మా. మీ నాన్నగారిని తీసుకురండి."

నాన్నకు చెప్పాను. ఆయన ముఖం వెలిగింది, వెంటనే మళ్ళీ ఏదో ఆలోచనలో పడింది.

"ఎవురి కుర్సీ అది?"

"ఎవరిదైతే ఏం, ఇప్పుడు నీది" అన్నాను.

గురువారం సాయంత్రం ఆటోలో తీసుకెళ్ళాను. మెట్ల దగ్గర నుంచి నా భుజం పట్టుకుని, కర్ర ఊతంతో ఎక్కాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. పొద్దున కట్టిన కట్టు సాయంత్రానికి చెమ్మగిల్లుతుందని కొత్త కట్టు గుడ్డ, మరిగించి చల్లార్చిన నీళ్ళ సీసా సంచీలో పెట్టుకున్నాను. పాస్టరు గారితో ముందే ఒప్పందం చేసుకున్నాను, ఎడమకాలు కడిగి, కుడికాలి కట్టు మీద తడి తువ్వాలు ఊరికే ఆనించాలని.

కుర్చీలు బలిపీఠం ముందు అర్ధచంద్రంలా వేశారు. మొదటి కుర్చీలో సెక్రటరీ గారు, అప్పుడే విప్పిన మేజోళ్ళు మడిచి జేబులో పెట్టుకుంటున్నారు. ఆ పక్కన ఎప్పుడూ ఉండేవాళ్ళే అందరూ ఉన్నారు. నాన్నకు చివరి కుర్చీ చూపించారు. కూర్చోబెట్టి, పంచె సర్ది, నేను ఆడవాళ్ళ వైపు బల్లలో కూర్చోబోతుంటే నాన్న నా చెయ్యి వదల్లేదు. తలుపు వైపు చూస్తున్నాడు.

తలుపు పక్కన ఆ కంకర కూలీ నిలబడి ఉన్నాడు. పని నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, చీలమండల దాకా ఎర్రగా ఉంది. చొక్కా మాత్రం కొత్తది, మడతలు ఇంకా పోలేదు. పక్కన భార్య తలలో పువ్వు పెట్టుకుని ఉంది. కుర్చీలో కూర్చునే మనిషిని చూడటానికి తయారై వచ్చిన పువ్వది. వచ్చే ఏడు చూద్దాంలే అని మెట్ల దగ్గరే వాళ్ళకు చెప్పేశారట.

పదకొండు కుర్చీల్లో ఒక్కటి కూడా కదల్లేదు. నేను గుంజింది పెద్దవాళ్ళ కాళ్ళ కింద తివాచీ అనుకున్నాను. పడ్డది తలుపు పక్కన నిలబడ్డవాడు.

"నీ బలం ఎవుడి మీద పడ్డాదో సూసినావా?" అన్నాడు నాన్న. కోప్పడలేదు. కోప్పడితే నేనూ ఏదో ఒకటి అని ఉండేదాన్ని.

"నాకు తెలీదు నాన్నా. ఇప్పుడేమీ చెయ్యకు, నీకు దణ్ణం పెడతాను. మంగళవారం ఆపరేషను" అన్నాను. "అతను వచ్చే ఏడు కూర్చుంటాడు. నీకు వచ్చే ఏడు లేదు."

ఆ మాట అనకూడదు గాని, నిజం అదే కదా. నాన్న విననట్టే కర్ర మీద లేచి, చెయ్యి ఊపి అతన్ని పిలిచాడు. అతను తల అడ్డంగా ఊపాడు. నాన్న కుంటుకుంటూ తలుపు దాకా వెళ్ళి, అతని మణికట్టు పట్టుకుని, ముందుకు తీసుకొచ్చాడు. రైలు పట్టాల్ని ఎత్తిన చెయ్యి అది, ముసలిదైనా విడిపించుకోవడం తేలిక కాదు. తెచ్చి పన్నెండో కుర్చీలో కూలేశాడు. ఇక తనకు నిలబడే ఓపిక లేదు, కూర్చోడానికి దగ్గర్లో ఏమీ లేదు. కుర్చీ కోడు పట్టుకుని మెల్లగా నేల మీదికి జారి, పుండు కాలు ముందుకు చాచుకుని కూర్చున్నాడు.

సెక్రటరీ గారు మొదటి కుర్చీలోంచి నా వైపు చూశారు, ఏమిటమ్మా ఇది అన్నట్టు. గెలిచి తెచ్చి చేతిలో పెట్టిన దాన్ని ఈయన నలుగురి ముందూ ఎవరికో ఇచ్చేశాడు. క్యారేజీ గిన్నెలు ఏరుకున్న నాడు ఎంత మండిందో మళ్ళీ అంతే మండింది.

పాస్టరు గారు ఒక్కో కుర్చీ దాటుకుంటూ వచ్చారు. పళ్ళెంలో నీళ్ళు అప్పటిదాకా తేటగానే ఉన్నాయి, అన్నీ కడిగిన కాళ్ళే కదా. పన్నెండో కుర్చీ దగ్గర నీళ్ళు ఎర్రబడ్డాయి. చెంబుతో మళ్ళీ పోశారు, మళ్ళీ ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రం అంత సేపు ఎవరి కాళ్ళూ కడగలేదు ఆయన. తుడిచి లేచాక, నేల మీద ఉన్న నాన్నను చూశారు. నాన్న కూడా తల ఎత్తి చూశాడు. పాస్టరు గారు సెక్రటరీ గారి వైపు తిరిగారు. సెక్రటరీ గారు పాట ఎత్తుకోమని మా ఆడవాళ్ళకు సైగ చేశారు. పన్నెండూ అయిపోయాయి. పాస్టరు గారు వెనక్కి తిరిగారు.

పాట మొదలుపెట్టాల్సింది నేను. పాటల పుస్తకం మూసేశాను.

అప్పుడు ఆ కంకర కూలీ కుర్చీ దిగాడు. అతనికి మా పద్ధతులు తెలియవు, ఆ గురువారం అతనికి మొదటిసారి. ఒకరు కడిగితే తరవాత ఆ కడిగించుకున్నవాడు పక్కవాడికి కడగాలి కాబోలు అనుకున్నాడు. పళ్ళెం లాక్కుని నాన్న ముందు కూర్చుని, ఎడమకాలు కడిగాడు. తరవాత కుడికాలి కట్టు ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"ఆగు! ఆ కాలికి నీళ్ళు తగలకూడదు!" అని అరిచాను. చర్చిలో నేనలా ఎన్నడూ అరవలేదు.

అతను చెయ్యి ఆపి నా వైపు చూశాడు. "ఏందక్కా, ఈ కాలు గూడ తాతదే గద? ఎవలూ కడగకపాయిరి" అన్నాడు.

"ఒగ్గేయే" అన్నాడు నాన్న నాతో.

కట్టు ఊడింది. వాసన లేచింది. రోజూ నాకు అలవాటైన వాసనే, కానీ అక్కడ చుట్టూ జేబురుమాళ్ళు ముక్కుల మీదికి వెళుతుంటే చూడటం వేరు. పెద్ద సాబుల పిల్లలెవరో ఏదో అడుగుతున్నారు, తల్లి కసురుతోంది. అతను పళ్ళెంలో ఎర్ర నీళ్ళలోకి చెయ్యి పెట్టబోతున్నాడు. ఇక నాకు ఆలోచించడానికి వ్యవధి లేదు. బల్లలోంచి దూకినట్టే వెళ్ళి, సంచీలోంచి సీసా తీసి, "అవి కాదు, ఇవి పొయ్యి" అన్నాను. తొందరలో సగం అతని కొత్త చొక్కా మీద పోశాను. అతను ఏమీ అనుకోలేదు. చంటిపిల్లవాడికి పోసినట్టు నీళ్ళు దోసిట్లోకి తీసుకుని, వేళ్ళను పుండు తినేసిన చోట, నల్లబడిన చోట, మెల్లగా పోశాడు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. చివరికి పాస్టరు గారు తన నడుముకున్న తువ్వాలు విప్పి అతనికి అందించారు.

మంగళవారం ఆపరేషను అయింది. ఎక్కడి దాకా అన్నారో అక్కడి దాకానే తీశారు. నీళ్ళ వల్ల హాని జరిగిందా అని అడిగాను, చెప్పలేం అన్నారు. నేను ఆస్పత్రి వరండాలో ఉండగా సమాజంలో ఒకావిడ ఫోను చేసి ఇంకో కబురు చెప్పింది. వచ్చే ఏడు నుంచి కాళ్ళకు గాయాలున్నవాళ్ళు కుర్చీల్లో కూర్చోరాదని కమిటీ తీర్మానించిందట, ఆరోగ్య కారణాల రీత్యా. ఫోను పెట్టేసి గోడకేసి కొట్టబోయి, మా ఆయన కొన్నది కాబట్టి ఊరుకున్నాను. నాన్నకు చెబితే నవ్వాడు. మందు మత్తు ఇంకా దిగలేదేమో అనుకున్నాను. దిగాక కూడా నవ్వాడు.

ఆయన నవ్వగలడు. నాకు రాదు. దేవుడి ముందు మోకరించే చోట కూడా ఎవడు పైన ఎవడు కింద అన్న లెక్క ఒక్క అంగుళం కదలకపోతే, ఇంకెక్కడ కదులుతుంది? ఆ కంకర కూలీ ఏమీ నేర్పాలని చెయ్యలేదు. ఏమీ తెలియక చేశాడు. తెలిసినవాళ్ళం మేమంతా ముక్కులు మూసుకున్నాం.

ఇప్పుడు నాన్నకు కర్రల మీద నడక ఇంకా పట్టుబడలేదు. కృత్రిమ కాలు పెట్టడానికి గాయం ఆరాలట. ఆటో చర్చి మెట్ల దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి పైకి ఎక్కాలి. ఆదివారం పొద్దున ఆ కంకర కూలీ తన భార్యతో మా క్వార్టరుకు వస్తాడు. ఆటో ఎందుకు తాతా అని నాన్నను వీపు మీద ఎక్కించుకుంటాడు. కాలనీ మధ్యలోంచి, అందరి వాకిళ్ళ ముందు నుంచి మోసుకుపోతాడు. ఒకప్పుడు ఏ మనిషి పేరు చెబితే సారా దుకాణం దగ్గర సందడి ఆగేదో, ఆ మనిషి చేతులు రెండూ ఇంకొకడి మెడ చుట్టూ వేసుకుని, ఒకటిన్నర కాలు ఊపుకుంటూ పోతుంటే, వాకిళ్ళు ఊడుస్తున్నవాళ్ళు చీపుళ్ళు ఆపి చూస్తారు. నాకు తల కొట్టేసినట్టుంటుంది.

మొన్న ఆదివారం ఉండబట్టలేక అనేశాను. "నీకు సిగ్గుగా లేదా నాన్నా?"

"ఎందుకు నేదు? శానా సిగ్గు" అన్నాడు, అతని వీపు మీద నుంచే నా వైపు తిరిగి. "ఇన్నాళ్ళూ మోసినాను. మోయించుకోడం ఇప్పుడే నేర్సుకుంతన్నాను. మోతకన్నా ఇదే కట్టంగా ఉందే అమ్మా."

తరవాత అతని చెవి దగ్గర వంగి, "బరువున్నానేట్రా?" అని అడిగాడు.

"కంకర గంప కన్నా తక్వనే తాతా. జర కదలకు" అన్నాడు అతను.

వాళ్ళు ముందు పోతున్నారు. వెనక నేను, నాన్న ఒక్క చెప్పు చేత్తో పట్టుకుని, గొణుక్కుంటూ.